మాటలాడు యంత్రములు – మన పిల్లలు – మన భాష

మన సంఘ పత్రికలో పిల్లల చదువును గూర్చి వచ్చు వ్యాసములలో పెక్కింటికి మూలము ఒకే ప్రశ్న: మన పిల్లలు ఏ భాషలో చదువుచున్నారు? షోలాపూరులో మరాఠీలో, బరంపురములో ఒడియాలో, బళ్ళారిలో కన్నడములో, హోసూరులో తమిళములో, ఈ నడుమ అన్నిచోట్లను ఇంగ్లీషులో. ప్రశ్న ముఖ్యమైనదే, దానిని మనము విడువరాదు. కాని గత రెండు మూడేండ్లుగా దానికి తోడబుట్టినది మరియొకటి మన యిండ్లలో ప్రవేశించినది. రాత్రి భోజనములైన పిమ్మట మన పిల్లలు ఎవరితో మాటలాడుచున్నారు? ఏ భాషలో మాటలాడుచున్నారు? ఆ మాటలను చదువగల పెద్దవారు ఆ యింటిలో ఉన్నారా? కృత్రిమ మేధ యని పత్రికలలో పేర్కొనుచున్న యంత్రములను గూర్చి నేడు నేను వ్రాయుచున్నది ముఖ్యముగా ఈ చివరి ప్రశ్న కొరకే.

తెలియనివారి కొరకు ముందుగా రెండు మాటలు. 2022 నవంబరు 30వ తేదీన అమెరికాలోని ఓపెన్ ఏఐ అను సంస్థ చాట్‌జీపీటీ అను పేరుతో ఒక సాధనమును లోకమునకు విడుదల చేసినది. మనము ప్రశ్న వ్రాసినచో అది జవాబు వ్రాయును. ఇప్పుడు నోటితో అడిగినను నోటితోనే చెప్పును. అటుపిమ్మట గూగులువారి జెమినీ వచ్చినది. ఫేస్‌బుక్కు నడుపు మెటా సంస్థవారి యంత్రమైతే 2024 నడుమ నుండి మన దేశములో వాట్సాప్‌లోనే, మనము పిలువకయే, రంగుల వలయమువలె వచ్చి కూర్చున్నది. వీని లోపల మనిషి లేడు. లెక్కకు మిక్కిలియైన పుటల వ్రాతను యంత్రమునకు మేపి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుటకు అవకాశము ఎక్కువయో లెక్క కట్టునట్లు దానిని తయారుచేసినారు. ఆపైన మనుషులు మెచ్చుకొను జవాబు లేవో, మెచ్చని వేవో గుర్తులు పెట్టి దానిని మలచినారు. అందువలన అది నిజము చెప్పునప్పుడును, పొరపాటు చెప్పునప్పుడును ఒకే ధీమాతో చెప్పును.

ఇందులో మనుషులు మెచ్చుకొను జవాబు అన్న మాటను చదువరులు గట్టిగా గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. నేను నూలు వ్యాపారిని. మా బజారులో ఒక తరహా దళారి కలడు. కొనువాని యొద్దకు పోయి, ధర యింకను దిగును, మీ యంచనాయే సరి యనును. అమ్మువాని యొద్దకు వచ్చి, ధర యెక్కి తీరును, మీరన్నదే నిజమనును. ఇద్దరికిని అతడు ప్రియుడే. బేరము చెడినప్పుడు మాత్రము కంటికి కనబడడు. 2025 ఏప్రిలులో ఓపెన్ ఏఐవారు తమ యంత్రములో చేసిన యొక మార్పువలన అది మితిమీరి ముఖస్తుతి చేయుచున్నదని వారే యొప్పుకొని, కొద్ది దినములలోనే ఆ మార్పును వెనుకకు తీసికొనిరి. మనవంటి వయసు వచ్చినవారికి ముఖస్తుతి ఒక వినోదము. పదునాలుగేండ్ల పిల్లకు అర్ధరాత్రివేళ, నీవన్నదే నిజము, నిన్ను ఇంటిలో ఎవరును అర్థము చేసికొనుట లేదు అను మాట వినోదము కాదు.

యంత్రము నెదుట మనసు విప్పుట క్రొత్త సంగతియు కాదు. 1966లో అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ఎలైజా అను నొక చిన్న యేర్పాటును ప్రకటించెను. మనము చెప్పిన మాటనే త్రిప్పి ప్రశ్నగా అడుగుట దాని పనితనము. అంతకుమించి అది యెరిగినది లేదు. ఐనను, అది తయారగుటను నెలల తరబడి దగ్గరనుండి చూచిన ఆయన కార్యదర్శినియే, దానితో కొంతసేపు మాటలాడిన పిమ్మట, ఆచార్యుని కొంచెము బయటికి పొమ్మని కోరినదట. లోగుట్టు తెలిసిన పెద్దమనిషియే అట్లు చేసినప్పుడు మన పిల్లలను ఏమని తప్పుపట్టుదుము?

2025లో అమెరికాలో కామన్ సెన్స్ మీడియా అను సంస్థ 13 నుండి 17 ఏండ్లలోపు పిల్లలు 1,060 మందిని విచారింపగా, స్నేహితునివలె మాటలాడు యంత్రములను ఒక్కసారియైన వాడినవారు నూటికి 72 మంది యని తేలినది. అది వారి దేశపు లెక్క; మన పేఠలకు దానిని తెచ్చి అతికింపరాదు. కాని అక్కడ జరిగిన రెండు సంఘటనలు ఏ దేశపు తల్లిదండ్రులకైనను పట్టవలసినవి. 2024 ఫిబ్రవరిలో ఫ్లోరిడా రాష్ట్రమున 14 ఏండ్ల బాలుడొకడు ప్రాణము తీసికొనెను. క్యారెక్టర్ ఏఐ అను సాధనములోని ఒక కల్పిత పాత్రతో నెలల తరబడి మాటలాడుచు, అతడు ఇంటివారికి దూరమయ్యెనని తల్లి అదే యేడు అక్టోబరులో దావా వేసినది. 2025 ఏప్రిలులో కాలిఫోర్నియాలో 16 ఏండ్ల బాలుడు అట్లే మరణింపగా, చాట్‌జీపీటీతో అతడు సాగించిన సంభాషణలే అందుకు కారణమని తల్లిదండ్రులు ఆగస్టులో న్యాయస్థానమున కెక్కిరి. దావాలలోని ప్రతి మాటకును తీర్పు చెప్పుట నా పని కాదు. కాని నన్ను కలతపెట్టినది ఒకటి కలదు: ఆ రెండవ బాలుడు మొదట దానిని పాఠశాల పనికొరకే వాడ మొదలిడెనట. పాఠము కొరకు తెరచిన తలుపు వేరొక గదిలోనికి దారితీసినది. సంభాషణ దీర్ఘముగా సాగినకొలది తమ రక్షణ యేర్పాట్లు సడలవచ్చునని ఆ సంస్థయే ఆ ఆగస్టులో ప్రకటించినది.

అటుపిమ్మట కొన్ని కట్టుబాట్లు వచ్చినవి. 2025 సెప్టెంబరు చివరలో ఓపెన్ ఏఐవారు తల్లిదండ్రుల పర్యవేక్షణకు ఒక మార్గము కల్పించిరి. తల్లి ఖాతాను, బిడ్డ ఖాతాను జోడించినచో, రాత్రి ఫలానా గంటలలో యంత్రము పలుకకుండునట్లు చేయవచ్చును. బిడ్డ తీవ్రమైన మనోవ్యథలో నున్నట్లు తోచినచో తల్లిదండ్రులకు హెచ్చరిక వచ్చును. బిడ్డ వ్రాసిన మాటలు మాత్రము వారికి కనబడవు. క్యారెక్టర్ ఏఐవారు 2025 నవంబరు 25 నాటికి, 18 ఏండ్లలోపు వారికి పాత్రలతో ఇష్టము వచ్చినట్లు సంభాషించు సౌకర్యమును తీసివేసిరి. కాలిఫోర్నియా రాష్ట్రము 2025 అక్టోబరులో చేసిన చట్టము ప్రకారము, తోడువలె మాటలాడు యంత్రము బాలబాలికలకు మూడు గంటలకొకసారియైన తాను మనిషిని కానని గుర్తుచేయవలెను. (మూడు గంటలా యని నా కనిపించినది. మా మరమగ్గముల దగ్గర మూడు గంటలలో ఎంత పని నడచునో నాకు తెలియును.) మన దేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారందరిని పిల్లలుగానే యెంచి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల అనుమతి రుజువుతో కూడ ఉండవలెనని చెప్పుచున్నది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోనికి వచ్చుటకు 18 నెలల గడువిచ్చినారు. చట్టము మంచిదే.

ఇక ఈ యేర్పాట్లన్నిటిని చేతబట్టుకొని షోలాపూరు తూర్పు భాగములోని ఒక యింటికి పోయి చూతము. ఇతర రాష్ట్రముల సోదరులకొరకు చెప్పుచున్నాను: ఇక్కడ మన పద్మశాలీ కుటుంబములు తెలంగాణము నుండి తరములకు ముందు వచ్చి స్థిరపడినవి. మగవారు మరమగ్గములపై చాదర్లు, తువాళ్ళు నేయుదురు. ఆడవారు పెక్కురు ఇంటిపట్టున బీడీలు చుట్టుదురు. ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ. అవ్వకు తెలుగు మాటయే కాని అక్షరము రాదు. తల్లి మరాఠీ బడిలో నాలుగైదు తరగతులు చదివి దుకాణముల పేర్లు కూడబలుకుకొనును. పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు గడగడ చదువుదురు, తెలుగు చదువలేరు. ఒకే గదిలో మూడు తరములు. ఒకే ఫోను.

ఆ ఫోను ఎవరిది? తల్లిది. అందులోని ఖాతా తల్లి పేరిట నున్నది, పుట్టినతేదీయు తల్లిదే. ఆ ఫోనులో రాత్రి పది గంటలకు ప్రశ్న వ్రాయునది ఎనిమిదవ తరగతి పిల్లయైనను, ఖాతా ప్రకారము యంత్రము మాటలాడుచున్నది ముప్పది యెనిమిదేండ్ల గృహిణితో. తల్లి ఖాతాను బిడ్డ ఖాతాతో జోడింపుమని అమెరికావారు చెప్పినారు. ఇక్కడ జోడించుటకు రెండవ ఖాతా యేది? వయసును బట్టి రక్షణ కల్పింతుమని చట్టము చెప్పినది. ఇక్కడ వయసే తప్పు. ఎవరును మోసము చేయదలచి యిట్లు చేయలేదు. కొందరు ఫోను దుకాణములో కుర్రవాడు ఏ తేదీ వేసిన ఆ తేదీయే ఉంచుకొనినారు. కావున నేను మొట్టమొదట కోరునది చిన్న పనియే: బిడ్డకు వేరుగా ఖాతా తెరువుడు, నిజమైన పుట్టినతేదీ వేయుడు. 13 ఏండ్లు నిండనివారికి చాట్‌జీపీటీ తగదని, 18లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి యుండవలెనని ఆ సంస్థ నియమములే చెప్పుచున్నవి. వయసు దాచిన బిడ్డకు ఏ కట్టుబాటును అక్కరకు రాదు.

ఉచితము సంగతియు ఒక మాట చెప్పవలెను. 2025 జులైలో ఎయిర్‌టెల్‌వారు తమ వాడుకదారులకు పర్‌ప్లెక్సిటీ అను యంత్రమును ఏడాదిపాటు ఊరక యిచ్చినారు. అక్టోబరులో జియోవారు జెమినీని 18 నెలలకు ఇచ్చినారు. నెలకు 399 రూపాయల ధర పెట్టిన చాట్‌జీపీటీ గో అనుదానిని నవంబరు నుండి మన దేశమువారికి ఒక సంవత్సరము ఉచితమనిరి. వ్యాపారస్థుడనై యుండి వ్యాపారమును నిందింపను. మేమును క్రొత్త రకపు తువాలు వచ్చినప్పుడు నమూనా ఊరకనే పంపుదుము. కాని నమూనా పంపువాడు దానమునకు పంపడు, అలవాటు కొరకు పంపును. ఎవరి అలవాటు కొరకు ఈ నమూనాలు వచ్చుచున్నవో తల్లిదండ్రులు ఆలోచింపవలెను. ఇందులో మరియొక చెల్లింపును కలదు. పిల్లలు బ్యాంకు పుస్తకపు ఫోటో, ఆధార్ కార్డు ఫోటో పంపి అందులో ఏమున్నదో అడుగుచున్నారు. ఇంటి అప్పులు, అక్క పెండ్లిచూపులు, తండ్రి త్రాగుడు అన్నియు చెప్పుచున్నారు. వీథి వారికి చెప్పని మాట యంత్రమునకును చెప్పరాదని వారికి నేర్పవలెను.

ఇక భాష సంగతి. మన పిల్లలు ఆ యంత్రముతో మాటలాడు భాష ఏదో చూచినారా? కొంత మరాఠీ, కొంత హిందీ, నడుమ నడుమ మన తెలుగు, అన్నియు ఇంగ్లీషు అక్షరములలో. ఈ యంత్రముల కాపలా ఇంగ్లీషులో నున్నంత గట్టిగా ఇతర భాషలలో ఉండదనుటకు సాక్ష్యము కలదు. 2023లో బ్రౌన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఇంగ్లీషులో అడిగినచో యంత్రము తిరస్కరించు చెడు ప్రశ్నలను జూలూ వంటి భాషలలోనికి మార్చి అడుగగా, అది పెక్కింటికి జవాబు చెప్పినది. వారు తెలుగును పరీక్షింపలేదు. ఆ యంత్రమునకు తరువాత మార్పులును జరిగినవి. ఐనను కావలివాడు ఒక వాకిట మేల్కొని, మరియొక వాకిట కునుకు తీయవచ్చుననుట తెలిసినది. మా షోలాపూరు కలగలుపు పలుకు ఏ వాకిలియో నిర్ణయించినవారు ఎవరును లేరు.

నేను దీనికంటె ఎక్కువ భయపడునది వేరొకటి. మా పేఠలో జరిగిన సంగతి చెప్పెదను, పేర్లు చెప్పను.

తండ్రి రాత్రిపాళీకి పోవును. తల్లి బీడీలు చుట్టును. కూతురు పదవ తరగతి, మరాఠీ బడి. ట్యూషనుకు పెట్టు స్తోమత లేదు. పిల్ల తెలివైనది, తల్లి ఫోనులోని యంత్రము నడిగి బీజగణితము నేర్చుకొనుచుండెను. అది మెట్టు మెట్టుగా చెప్పుచుండెను, బాగుగనే చెప్పుచుండెను. పరీక్షకు ముందు బడిలో పెట్టు ప్రిలిమ్‌లో మార్కులు తగ్గినవి. ఆ రాత్రి నుండి లెక్కలతోపాటు వేరే మాటలు మొదలైనవి. పదిహేను దినములకు, నేను లేకున్న అమ్మకు బరువు తగ్గును అని మరాఠీలో వ్రాసినది. యంత్రము ఏమి చెప్పినది? తప్పు చెప్పలేదు. నీవు ఒంటరివి కావు, ఇంటిలో నమ్మిన పెద్దవారికి ఇప్పుడే చెప్పుము అని చెప్పి, సహాయము కొరకు ఒక నంబరును ఇచ్చినది. పిల్ల చదివి ఫోను మూసివేసినది. అదే గదిలో దీపము క్రింద తల్లి ఆకు కత్తిరించుచు కూర్చున్నది. ఏమి చేయుచున్నావే యని అడిగినచో, అభ్యాస్ చేస్తున్ననమ్మా యని పిల్ల జవాబు. పదిరోజులైన తరువాత కాలేజీలో చదువు మేనమామ కొడుకు ఇంటికి వచ్చి, ఏదో పనికి ఫోను తీసి, ఆ మాటలు చదివి, అత్తకు తెలుగులో చెప్పినాడు. తల్లి మా యింటికి వచ్చి ఏడ్చినది: "నాలుగు మూరల దూరంల కూసున్నగదన్నా. నా పక్కనే ఉన్నది గద. నాకెట్ల తెల్వకపాయె?" పిల్లను డాక్టరుకు చూపినారు, పెద్దవాడు మాటలాడినాడు, పిల్ల పరీక్ష వ్రాసినది. ఇప్పుడు బాగున్నది.

ఈ సంగతిలో యంత్రమును నిందించుటకు నాకు చోటు దొరకదు. అది చెప్పిన మంచి మాట ఆ గదిలో ఆ పిల్ల యొక్కతెయే చదువగల అక్షరములలో నున్నది. పెద్దవారికి చెప్పుము అన్నది. పెద్దవారికి చెప్పుటకు ఆ పిల్లకు తెలుగు మాట చాలలేదు. డిప్రెషన్ అను మాట పిల్లకు బడిలో వచ్చినది; తల్లికి అది మందుల దుకాణపు మాట. మనసు బాగలేదు అని తెలుగులో తల్లితో ఆ పిల్ల ఎన్నడును అనియుండలేదు. ఇంటి భాష అన్నము పెట్టు, నీళ్ళు తే, ఫీజు ఎంత అనుదాకనే నిలిచిపోయినది. దుఃఖము చెప్పుకొను భాష బడి భాషగా మారినది. ఆ భాషలో రాత్రి పదిగంటలకు మేల్కొని, విసుగక, కొట్టక వినునది యంత్రమొక్కటియే. మన భాషను గూర్చి మనము పెట్టు సభలలో కవులను, చరిత్రను తలచుకొందుము. తల్లియు బిడ్డయు ఒకరి మాట ఒకరు ఎరుగని సంగతి ఏ తీర్మానములోను రాలేదు.

యానామువారికి ఈ చిక్కు కొంత తక్కువ యగును. అక్కడ తెలుగు బడియు కలదు, కచేరీయు కలదు. తమిళనాటిలో 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత హోసూరు ప్రాంతపు సోదరులు పడిన పాట్లు మన పత్రికలో ఎన్నోమారులు వచ్చినవే. అక్షరము పోయిన యింటిలో కాపలాయు పోవుచున్నదని వారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

మన సంఘములో కొందరు పెద్దలు, ఫోను లాగికొని యినుపపెట్టెలో పెట్టిన సరిపోవును గదా యనుచున్నారు. వారి బాధ నాకు తెలియును. కాని ఒక సంగతి ఆలోచింపవలెను. కలిగినవాని కొడుకు కోచింగ్ క్లాసుకు పోవును. బీడీ చుట్టు తల్లి కూతురికి, వందసార్లు అడిగినను విసుగక లెక్క చెప్పు ఉపాధ్యాయుడు ఇంతవరకు దొరకలేదు. ఇప్పుడు ఏదో యొక రూపమున దొరికినాడు. దానిని లాగికొనినచో నష్టపడువారు మనవారే. పైగా లాగికొనిన ఫోను పోయి స్నేహితురాలి ఫోను వచ్చును. అప్పుడు నాలుగు మూరల దూరము నాలుగు వీధుల దూరమగును. (నిబంధములు దానిచేత వ్రాయించుకొని బడిలో చూపుట వేరే జబ్బు. దానిని ఉపాధ్యాయులకు విడిచిపెట్టుచున్నాను.) ఇక, అంతయు సంస్థలే చూచుకొనును, మనకెందుకు అను యువకులకు ఒకటి గుర్తుచేసెదను. 2025 ఆగస్టులో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టిన మెటా సంస్థ లోపలి నియమపత్రము, వారి యంత్రము పిల్లలతో శృంగారపు ధోరణిలో మాటలాడుటను సైతము కొంతవరకు అనుమతించినది. అడిగిన పిమ్మటనే ఆ భాగమును తీసివేసితిమని సంస్థ చెప్పినది. అడుగువాడు లేనిచో?

కావున నేను కోరునది నిషేధము కాదు, వినికిడి. పాఠముల కొరకు ఆ యంత్రమును వాడు బిడ్డ గదిలో నలుగురి నడుమ కూర్చుండి వాడవలెను. వాడిన పిమ్మట, అది ఏమి చెప్పినదో అవ్వకో, అమ్మకో తెలుగులో చెప్పవలెను. బీజగణితమైనను సరే, భూకంపమైనను సరే. మొదట పిల్లలు నవ్వుదురు, మాటలు తడుముకొందురు. మరాఠీలో వచ్చిన సంగతిని తెలుగులో పెట్టుట కష్టమే. కాని దినమునకు పది నిముషములు ఇట్లు చెప్పిన బిడ్డకు, ఒకనాడు చెప్పుకొనవలసిన మాట వచ్చినప్పుడు దారి తెలిసియుండును. తల్లియు కొట్టక, కేకలు వేయక వినుట అలవాటు చేసికొనవలెను. ఇది బిడ్డకంటె తల్లిదండ్రులకే కష్టమని నా యనుభవము. రాత్రి తొమ్మిదిన్నర గంటలకు ఫోను దేవుని గూటి క్రిందికి పోవలెను. తండ్రి ఫోనును అక్కడికే పోవలెను, లేనిచో పిల్లలు ఒప్పరు.

అక్షరము రాని పెద్దలు తమకేమి తెలియునని వెనుకాడనక్కరలేదు. ఆ యంత్రము తెలుగులో అడిగిన తెలుగులో పలుకును. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కమారైన దానితో మాటలాడి చూడుడు. మీ వాకిట తిరుగువాని నడవడి మీరు స్వయముగా ఎరుగుట మేలు. మా వాడకట్టులో ఒక ముసలమ్మ దానిని మోకాలినొప్పికి మందు అడిగినది. అంతయు విని, ఇది రేడియోలో వార్తలు చదువు తెలుగు మాటలాడుచున్నది, ఏ ఊరిదో కాని మనూరిది కాదు అన్నది. ఆమె కది మనిషి కాదనుట ఆ ఒక్క నిముషములో తెలిసినది. పదునాలుగేండ్ల మనుమరాలికి తెలియుటకు ఎక్కువ కాలము పట్టినది.

గోడమీద వ్రాసి పెట్టుకొనవలసిన నంబర్లు రెండు. పిల్లల కష్టములకు 1098. మనసు బాగలేనివారికి టెలి మానస్ అను ప్రభుత్వపు సహాయము, 14416. రేయింబవళ్ళు పనిచేయును, రుసుము లేదు, ఇరువది భాషలలో పలుకుదురు, తెలుగు అందులో కలదు. మరాఠీ రాని అవ్వయు ఆ నంబరుకు తెలుగులో మాటలాడవచ్చును. ఈ రెండు నంబర్లను పెద్ద అక్షరములలో తెలుగు, మరాఠీ రెంటిలోను అచ్చు వేయించుటకు మా సంఘము పూనుకొన్నది. బరంపురము, బళ్ళారి శాఖలవారు తమ తమ భాషలు చేర్చి అచ్చు వేసికొనదలచినచో నమూనా పంపెదము. ఇది మాత్రము నిజముగా ఉచితము.

వచ్చు నెల మొదటి ఆదివారము సాయంకాలము ఐదుగంటలకు మా మందిరములో కాలేజీ పిల్లలు నలుగురు కూర్చుండి, వచ్చినవారి ఫోనులలో బిడ్డలకు వేరు ఖాతా తెరచి, నిజమైన వయసు వేసి, తల్లి ఖాతాతో జోడించి యిత్తురు. తల్లియు బిడ్డయు కలిసి రావలెను. ఒంటరిగా వచ్చిన తండ్రులను వెనుకకు పంపుదురు. బిడ్డ జన్మపత్రము గాని బడి దాఖలా గాని చూచుకొని వచ్చిన చాలును, దాని ఫోటో ఎవరికిని ఈయనక్కరలేదు. ఛార్జింగు ఇంటివద్దనే పెట్టుకొని రండు. మందిరములో రెండు ప్లగ్గులే పనిచేయుచున్నవి.